తిన్నగా పోయే బస్సు

మా బావని ఆఫీసులో స్కేలు అనేవారు. ఎదురుగా ఉంటే స్కేలు సారు, అటు తిరిగితే ఒట్టి స్కేలు. నగరంలో ఏ బస్సు ఏ వీధిలోంచి వెళ్లాలో గీసే సెక్షన్‌కి ఆయన అధికారి. పర్సు మర్చిపోయిన రోజులున్నాయి గానీ, జేబులో ఆ చిన్న ప్లాస్టిక్ స్కేలు మర్చిపోయిన రోజు నాకు గుర్తులేదు. ఇంట్లో పేపరు చదివినా వరస తప్పకుండా దాన్ని అక్షరాల కింద పెట్టుకుని చదివేవాడు. అక్కతో పెళ్లైన కొత్తలో ఆ స్కేలు చూస్తే నాకు ఒళ్లు మండేది. మనిషీ అంతే, ముక్కుసూటి. నవ్వొస్తే నవ్వేవాడు, రాకపోతే ఎంత పెద్ద అధికారి జోకు వేసినా ముఖం కదిపేవాడు కాదు. అలాంటివాడు ఉద్యోగంలో పైకెలా వచ్చాడని అడుగుతారేమో. పెద్దగా రాలేదు.

నేను బస్సు డ్రైవర్ని. ఆయన గీసిన గీత మీద నేను బండి నడపాలి. కాకపోతే ఆయన గీసిన గీత గీసినట్టుగా ఒక్కసారీ నా చేతికి రాలేదు. మార్గాల కమిటీలోకి తిన్నగా వెళ్లేది, వంకర తిరిగి బయటికొచ్చేది. ఎత్తు మీదున్న మా కాలనీ నుంచి పెద్దాసుపత్రికి వెళ్లే బస్సైతే మరీ అన్యాయం. దాన్ని జనం పాము అనేవారు. కాలనీ దిగగానే డిపోలోకి తిరుగుతుంది. అది మా డ్రైవర్ల యూనియన్ పెట్టించుకున్న మలుపు. నీళ్లు తాగాలి, ఒంటికి వెళ్లాలి, మేమూ మనుషులమే, అది తప్పని నేను ఇప్పటికీ అనుకోను. తర్వాత మార్కెట్ వెనక సందు, అది దుకాణాలవాళ్లది. తర్వాత ఒక ప్రైవేటు కాలేజీ గేటు, ఆ తర్వాత ఎవరో రిటైరైన పెద్దమనిషి ఉండే అపార్టుమెంట్లు. అక్కడ బస్సు ఎక్కేవాడు నాకైతే కనిపించలేదు. ఇలా ఊరంతా ప్రదక్షిణం చేసి, ఆసుపత్రి చేరేసరికి తల ప్రాణం తోకకి వచ్చేది.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి అదొక విసుగు, అంతే. మా అక్కకి అలా కాదు. ఆమెకి కిడ్నీలు రెండూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు పెద్దాసుపత్రికి వెళ్లి యంత్రం మీద పడుకుని రక్తం శుభ్రం చేయించుకోవాలి. పిల్లలు లేరు. ప్రతిసారీ బావే సెలవో పర్మిషనో పెట్టుకుని వెంట వెళ్లేవాడు. వెళ్లేటప్పుడు ఫరవాలేదు, తిరిగి వచ్చేటప్పుడే నరకం. కాళ్లు పట్టేసేవి, ప్రతి మలుపులోనూ కడుపులో తిప్పేది. బావ ఒళ్లో ఒక ప్లాస్టిక్ సంచి సిద్ధంగా పెట్టుకుని కూర్చునేవాడు. ప్రతిసారీ కారు మాట్లాడుకునే స్తోమత మాకెవరికీ లేదు. మా కాలనీ నుంచి అదే యంత్రానికి వెళ్లేవాళ్లు ఇంకా ఉన్నారు. అందులో ఒకామె బట్టలు కుట్టే మనిషి, ఇద్దరు చిన్నపిల్లల తల్లి, టైలరమ్మ అనేవాళ్లం. ఆమెకి తోడు కూడా ఉండేది కాదు.

అక్కకి హాస్యం ఎక్కువ. ఒంట్లో శక్తి ఉన్న రోజున, బస్సు పక్కకి తిరిగినప్పుడల్లా కళ్లు మూసుకునే అడిగేది, "ఇది ఎవరిదండీ?" అని. బావ గంభీరంగా జవాబు చెప్పేవాడు. ఇది దుకాణాలవాళ్లది. ఇది కాలేజీ వాళ్లది. డిపో మలుపు దగ్గర మాత్రం అడిగేది కాదు, "ఇది మా తమ్ముడిది" అని తనే చెప్పేది, నాకు వినపడేలా.

ఆ కమిటీ సంగతి చెప్పాలి. ప్రాంతానికొకడు చొప్పున ఎన్నికైన సభ్యులు, సంఘాలవాళ్లు, ఆఫీసు అధికారులు అందులో ఉంటారు. యూనియన్ తరఫున నేను ఒక మూల కుర్చీలో కూర్చుని చూసేవాణ్ణి కాబట్టి నాకు తెలుసు. ఎప్పుడో ఒక చెవిటి అధ్యక్షుడి కాలంలో మొదలైన పద్ధతి ఒకటి అక్కడ ఇంకా నడుస్తోంది. అంశం చదవగానే, ఒప్పుకున్నవాళ్లు ముందున్న కప్పులోంచి ఒక గుక్క టీ తాగుతారు. ఒప్పుకోనివాడు కప్పుని బల్ల మధ్యకి జరుపుతాడు. ఒక్క కప్పు జరిగినా ఆ అంశం ఆగిపోతుంది. అయితే జరిపేవాడు ఉండడు. ఈరోజు నీ మలుపుకి నేను కప్పు జరిపితే, రేపు నా మలుపుకి నువ్వు జరుపుతావు. అందుకని అందరూ అందరి మలుపులకీ గుటకలేసేవారు. బావకీ అక్కడ ఒక కప్పు ఉండేది. కొత్తల్లో ఒకసారి జరిపాడట. ఆ తర్వాత చాలాకాలం ఆయన సెక్షన్ నుంచి వెళ్లిన ప్రతిదానికీ ఎవరో ఒకరి కప్పు జరుగుతూనే ఉంది, ఆఖరికి పాడైన ఫ్యాను మార్చమని పెట్టుకున్నదానికి కూడా. మూల కూర్చున్న మా యూనియన్‌వాళ్లకి కూడా టీ ఇచ్చేవారు గానీ, మా కప్పు ఎటు జరిగినా పట్టించుకునే దిక్కు లేదు.

అక్క జబ్బు ముదిరిన ఏడాదే బావని ఏదో శిక్షణకి పంపారు. వెళ్లేటప్పుడు గొణుక్కుంటూ వెళ్లాడు. వచ్చేటప్పుడు మనిషి ముఖంలో వెలుగు ఉంది. అక్కడెవరో పబ్లిక్ చాయిస్ సిద్ధాంతం అని ఒకటి చెప్పారట. భోజనాల దగ్గర కూర్చుని నాకూ అక్కకీ ఉత్సాహంగా పాఠం చెప్పాడు. కమిటీలో కూర్చున్నవాడు దేవుడూ కాదు, దొంగా కాదు, మనలాంటివాడే అన్నాడు. కూరగాయలు కొనేచోట తన సంచి తను చూసుకున్నట్టే, అక్కడా తన సంచే చూసుకుంటాడు. మలుపు వల్ల లాభం కొన్ని దుకాణాలకి. ఆ లాభం పెద్దది కాబట్టి వాళ్లు కాళ్లరిగేలా తిరిగి సాధించుకుంటారు. నష్టం బస్సులో ఉన్న అందరిదీ, కానీ ఒక్కొక్కరి వాటాకి వచ్చేది కొంచెమే, ఆ కొంచెం కోసం పని మానుకుని ఆఫీసు మెట్లు ఎవడెక్కుతాడు? కాబట్టి మనుషులు మంచివాళ్లైపోతారని కూర్చోకూడదు, ఆట నియమమే మార్చాలి, అని తేల్చాడు.

ఇన్నేళ్లూ ఆ కమిటీవాళ్లని నేను నోటికొచ్చినట్టు తిట్టుకునేవాణ్ణి. తిట్టడం తప్ప ఇంకో దారి ఉంటుందని నాకు తోచనే లేదు. అక్క మాత్రం అంతా విని, చెయ్యి కడుక్కుంటూ ఒక్కటే అడిగింది.

"ఇంతకీ అందులో మీరెక్కడున్నారండీ?"

"నేను గీసేవాణ్ణి," అన్నాడు బావ.

ఆయన చేసిన ఉపాయం ఇది. మార్గాలన్నిటినీ తిన్నగా గీసి ఒకే కట్టగా కట్టి, ఒకే అంశంగా కమిటీ ముందు పెట్టాలి. ఉంటే మొత్తం ఉండాలి, పోతే మొత్తం పోవాలి, మధ్యలో దారప్పోగు కూడా లాగకూడదు. అన్నిటికీ కలిపి ఒకే గుక్క. ఒకసారి ఒప్పుకున్నాక కొన్నేళ్లదాకా మార్గాల్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఒకరి మలుపే పోతే ఆ ప్రాంతం సభ్యుడికి వీధిలో తలెత్తుకోవడం కష్టం. అందరివీ పోతే, నేనేం చెయ్యను, అందరివీ తీసేశారు అని చేతులు దులుపుకోవచ్చు. పైగా ప్రతివాడి ప్రాంతానికీ చివరికి తొందరగా వెళ్లే బస్సు మిగులుతుంది, ఎన్నికలప్పుడు దాన్ని నేనే తెచ్చానని చెప్పుకోవచ్చు.

అప్పుడే కొత్తగా వచ్చిన డైరెక్టరమ్మకి ఏదో ఒకటి చేసి పేరు తెచ్చుకోవాలని ఉంది. బావ దాన్ని కూడా లెక్కలో వేసుకున్నాడు. ఆవిడ మూడుసార్లు వివరంగా అడిగి ఒప్పుకుంది. కమిటీకి పెట్టేముందు ఒక మార్గం మీద కొన్నాళ్లు నడిపి చూద్దామంది. బావ ఏ మార్గం ఎంచుకున్నాడో చెప్పక్కర్లేదు.

ఆ బండి నాకే వేశారు. కాలనీ దిగి, డిపో దాటుకుని, పెద్దరోడ్డు మీద ముక్కుసూటిగా ఆసుపత్రికి. నా జీవితంలో అంత హాయిగా బండి నడపలేదు. తిరుగు ప్రయాణంలో కాలనీ ఎత్తు ఎక్కి ఆపితే, నా వెనక సీట్లో నిద్రపోతున్న అక్క ఉలిక్కిపడి లేచి, "అప్పుడే వచ్చేసామా?" అంది. బావ ఒళ్లో సంచి విప్పకుండానే ఉంది. టైలరమ్మ దిగుతూ నాకు దండం పెట్టింది. దండం నాకెందుకమ్మా, ఆయనకి పెట్టు అని బావని చూపించాను. బావ సిగ్గుపడి స్కేలు జేబులో పెట్టుకున్నాడు. అంత సంతోషంగా నేనాయన్ని ఎప్పుడూ చూడలేదు.

ఆ కొన్నాళ్లలో అక్క తిరిగి వచ్చాక కుర్చీలో కూర్చుని కూరలు తరగడం మొదలుపెట్టింది. అంతకుముందు వచ్చిన రోజంతా మంచమే. నాకు ఆశ పుట్టింది, దాచుకోవడం ఎందుకు.

మొదటి సమావేశంలో కట్ట మొత్తం బల్ల మీదికి వచ్చింది. దుకాణాల సంఘం తరఫు సభ్యుడు, లావుపాటి మనిషి, బావ చేతిలోని కాగితాలవైపు చాలాసేపు చూశాడు. పక్కవాళ్ల కప్పులవైపు చూశాడు. ఎవరి కప్పూ కదలడంలేదు. చివరికి అందరూ ఒక్క గుక్క తాగారు, ఆయనా తాగాడు. సూత్రప్రాయంగా ఒప్పుకున్నట్టు రాసుకున్నారు. ఖాతాల అధికారి చూసి ఇచ్చాక, తర్వాతి సమావేశంలో తుది ముద్ర.

ఆ ఖాతాల అధికారి దుర్మార్గుడేమీ కాదు. తన పని తను చేశాడు. కాగితాలు చదివి ఒక ప్రశ్న వేశాడు. కొన్నేళ్లదాకా మార్గాలు మారవంటున్నారు, మరి మార్గాలు గీసే సెక్షన్ ఎందుకు? నిజమే కదా. ఊళ్లో ఉన్న ప్రతి మనిషి సంచీ లెక్కేసిన మా బావ తన సంచి సంగతే మర్చిపోయాడు. సెక్షన్ ఎత్తేసి మనుషుల్ని తలో చోటికీ పంపాలని, స్కేలు సారుని రాష్ట్ర సరిహద్దు దగ్గర ఉన్న చిన్న డిపోకి వెయ్యాలని రాసుకొచ్చారు. ఆ ఊళ్లో ఆసుపత్రి ఉంది గానీ అక్కకి కావలసిన యంత్రం లేదు. ఉద్యోగం మానేస్తే ఉచితంగా వైద్యం చేయించే ఆసుపత్రి కార్డు పోతుంది.

ఆరోజు నేను వాళ్లింటికి వెళ్లేసరికి ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. అక్క నన్ను చూసి, నువ్వైనా చెప్పరా మీ బావకి అంది. ఆమె ఆలోచన తేటగా ఉంది. తిన్నగా పోయే బస్సుంటే తనకి తోడు అక్కర్లేదు. టైలరమ్మ ఒక్కత్తే వెళ్లడంలేదా, ఇద్దరం ఒకరికొకరం తోడుంటాం అంది.

"మీరు వెళ్లండి. ఆదివారాలు వచ్చి చూసి పోదురుగాని. బస్సుని మాత్రం చెడగొట్టకండి."

"యంత్రం మీద ఉండగా నీకేమన్నా అయితే?" అన్నాడు బావ.

"మీరు పక్కన కూర్చుంటే అవ్వదా?"

బావ కాగితాలు ముందుకి లాక్కున్నాడు. పెళ్లైనప్పటి నుంచి ఆమెని వదిలి ఉన్న మనిషి కాదు. యంత్రం పక్కన స్టూలు మీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకోవడం తప్ప ఆయనకి ఇంకో ప్రపంచం మిగల్లేదు. ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి. చేసినందుకు ఆయన్ని ఒక్క మాట అనలేను, అనను కూడా.

ఏం చేశాడంటే, కాగితాల్లో ఒక్క వాక్యం చేర్చాడు. మార్గాల్ని ఏటా సమీక్షించడానికి సెక్షన్‌ని కొనసాగించాలని. అంతే. దాంతో సెక్షన్‌కి పని ఉన్నట్టే, తను ఇక్కడే ఉన్నట్టే. డైరెక్టరమ్మ చదివి, ఇది పెడితే కట్ట విప్పినట్టే కదా సార్ అని అడిగిందట. తెలుసు మేడం అన్నాడట. ఆవిడకి అప్పటికే బదిలీ ఖాయమైంది, వెళ్లేలోపు గొడవలొద్దు. సరే పెట్టండి అంది.

రెండో సమావేశం రోజు నేను నా మూల కుర్చీలో ఉన్నాను. బావ వాక్యం చదివారు. సభ్యులంతా చల్లగా గుక్క వేశారు. దుకాణాల సభ్యుడైతే రెండు గుక్కలు వేశాడు. కప్పు కింద పెట్టి, నవ్వుతూనే అడిగాడు.

"సమీక్ష ఉందంటే మార్చుకోవచ్చన్నమాట. అయితే మా మార్కెట్ సందుది ఇప్పుడే సమీక్షించేద్దాం. దానికోసం మళ్లీ ఏడాది ఆగడం దేనికి?"

అందరూ నవ్వారు. డైరెక్టరమ్మ బావవైపు చూసింది. గదిలో ఉన్నవాళ్లంతా ఆయన కప్పువైపే చూశారు. ఒక్క కప్పు బల్ల మధ్యకి జరిగితే చాలు, మార్కెట్ సందు ఆగిపోతుంది. కానీ జరిపితే, తుది ముద్ర పడేలోపు ఆయన వాక్యాన్ని మళ్లీ చదివించి దానికీ ఎవరో ఒకరు జరుపుతారు, ఆ సంగతి ఆయనకి తెలుసు, వాళ్లకీ తెలుసు. ఆయనకి వచ్చిన సిద్ధాంతం వాళ్లెవరూ ఏ శిక్షణలోనూ నేర్చుకోలేదు, పుట్టినప్పటి నుంచీ వాళ్లకి వచ్చు. బావ కప్పు ఎత్తాడు. తాగాడు.

ఆ తర్వాత ఒక్కొక్కరే. కాలేజీ గేటు, అపార్టుమెంట్లు, మా యూనియన్ కార్యదర్శి లేచి డిపో మలుపు కూడా. గుటకల చప్పుడు తప్ప గదిలో ఇంకేం లేదు. నేను నా కప్పుని దూరంగా నేలమీద పెట్టాను. ఎవరూ చూడలేదు. చివరికి హెడ్డాఫీసు సిబ్బంది కూడా ఒక మలుపు అడిగారు. సెక్షన్ ఉంటుంది కాబట్టి, మనుషులు వచ్చిపోవాలి కాబట్టి, ఆఫీసు ముందు ఒక స్టాపు కావాలి కదా. అదీ దాటిపోయింది.

కొత్త మార్గం మొదలైన రోజు అక్కా బావా నా బండే ఎక్కారు. తిరిగి వచ్చేటప్పుడు కళ్లు మూసుకుని ఉన్న అక్క అలవాటుగా లెక్క చూసుకుంటూనే ఉంది. అపార్టుమెంట్లవాళ్లది అయింది, కాలేజీ వాళ్లది అయింది. హెడ్డాఫీసు దగ్గర బండి ఎడమకి తిరిగింది. అక్క కళ్లు తెరిచి కిటికీలోంచి చూసింది.

"ఇది కొత్తగా ఉందే. ఇది ఎవరిదండీ?"

బావ కూడా కిటికీలోంచి తన ఆఫీసు గేటువైపు చూశాడు. తర్వాత, "మనది," అన్నాడు.

అక్క ఒక్క మాట తిట్టి ఉంటే బాగుండునని నాకు అనిపించింది. అద్దంలో చూస్తే బావ సంచి విప్పి పట్టుకుని ఉన్నాడు, అక్క ఆయన భుజం మీద తల ఆనించింది. ఆ తర్వాత ఆమె మలుపుల ఆట ఎప్పుడూ ఆడలేదు.

వానలు మొదలయ్యాక ఒక్కోసారి ఇవాళ వద్దులెండి అనేది. వారానికి మూడు రెండయ్యాయి. బావ బతిమాలేవాడు, నేను కోప్పడేవాణ్ణి, ఆ బస్సు ఎక్కడంకన్నా ఒళ్లు ఉబ్బడమే నయంరా అనేది. ఆ ఏడాది సమీక్ష దాకా ఆమె లేదు. బస్సు వల్ల కాదు, కిడ్నీల వల్లే అన్నాడు డాక్టరు. అయ్యుండొచ్చు. ఆయనకీ ఒక సంచి ఉంటుంది.

బావ సెక్షన్‌లోనే ఉన్నాడు. ఈమధ్య కొత్తగా చేరిన అధికారులకి ఆ సిద్ధాంతం మీద రెండు మాటలు చెప్పమని పిలిచారట. ఆరోజు నా బండిలోనే వచ్చాడు, నా వెనక సీట్లో కూర్చుని తనంతట తనే చెప్పాడు. ఒక కుర్రాడు లేచి, ఇది పాలన చేసేవాళ్లకి నిజంగా ఉపయోగపడుతుందా సార్ అని అడిగాడట.

"ఏం చెప్పావు?" అన్నాను.

"ఉపయోగం ఉందన్నాను. ఏం జరగబోతోందో ముందే తెలుస్తుంది. జరిగాక ఎవరినీ తిట్టబుద్ధి కాదు."

నాకు కడుపు మండింది. బండి నడుపుతూ వెనక్కి తిరగకూడదు కాబట్టి అద్దంలోనే అడిగాను. ఏటా సమీక్ష వస్తోంది, పాము మళ్లీ బల్ల మీదికి వస్తోంది, ప్రతిసారీ గుక్క వేస్తూనే ఉన్నావు. ఇప్పుడు నిన్ను ఏ డిపోకి వేస్తే ఏం? నీకిప్పుడు భయమేముంది? కప్పు జరిపేయొచ్చు కదా.

బావ స్కేలుని రెండు వేళ్ల మధ్య పట్టుకుని తిప్పుతూ కూర్చున్నాడు.

"ఇప్పుడు ఎవరికోసమని జరపనురా?"

ఆ మాట ఆయన గట్టిగా అనలేదు. వెనక సీట్లలో ఆసుపత్రి నుంచి తిరిగొస్తున్నవాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్లలో టైలరమ్మ కిటికీకి తల ఆనించి, చేతిలో ప్లాస్టిక్ సంచి పట్టుకుని ఉంది. పక్కన ఎవరూ లేరు. బండి హెడ్డాఫీసు ముందు తిరుగుతుంటే కళ్లు తెరవకుండానే నన్ను అడిగింది.

"అన్నా, వచ్చేసామా?"

"వచ్చేసాం తల్లీ," అన్నాను. ఇంకా మార్కెట్ సందే రాలేదు.